బియ్యం బస్తా, నూనె డబ్బా... కలిపితే ఎంత?

ఆదివారం సాయంత్రం. గోదావరి జిల్లాలో ఓ ఊరు. కిరాణా కొట్టు అరుగు మీద ఏడో తరగతి చదివే పాప మూతి ముడుచుకుని కూర్చుంది. ఒళ్లో లెక్కల పరీక్ష కాగితం. పది లెక్కల్లో నాలుగు ఒప్పు, ఆరు తప్పు. ఆరు చోట్లా ఎర్రసిరాతో పెద్ద పెద్ద ఇంటూ మార్కులు. రేపు ఉదయానికి ఇంట్లో పెద్దవాళ్ల సంతకం కావాలి.

ఆ కొట్టు నడిపేది పాప అమ్మమ్మ. ఆవిడ చదివింది ఐదో తరగతే. కానీ ఊళ్లో ఎవరి ఖాతా ఎంతుందో పుస్తకం తెరవకుండానే చెప్పగలదు.

''ఏంటే, అలా ఉన్నావు?''

''నాకు లెక్కలు రావమ్మమ్మా. అమ్మకి చెప్పకు.''

''చెప్పనులే. ముందు ఆ కాగితం ఇలా ఇవ్వు.''

అది బీజగణితం. పైన 'సూక్ష్మీకరించండి' అని ఉంది. అంటే పొడుగ్గా ఉన్నదాన్ని విలువ మారకుండా పొట్టిగా రాయమని. బడి పుస్తకంలో ఎక్స్, వై అనే అక్షరాలుంటాయి. అక్షరం ఏదైనా లెక్క ఒకటే కనుక వాటి స్థానంలో ఇక్కడ క, చ అనుకుంటే సరిపోతుంది. పాప రాసిన మొదటి జవాబు ఇదీ: 3క + 2 = 5క.

అమ్మమ్మ కళ్లజోడు సర్దుకుని అడిగింది... ''ఈ 'క' అంటే ఏంటే?''

''అదో సంఖ్య. ఎంతో తెలీదు.''

''ఎంతో తెలీదా? మరి తెలీనివి మూడున్నాయి. వాటికి రెండు కలిపితే తెలీనివి ఐదెలా అయిపోయాయే?''

పాప దగ్గర సమాధానం లేదు. నిజానికి ఆ ఒక్క ప్రశ్నలోనే పాఠమంతా ఉంది.

పదమూడు... ఏంటి?

ఆ పూట అమ్మమ్మ రాజమండ్రి హోల్‌సేల్ వ్యాపారికి సరుకు చెప్పాల్సి ఉంది. చేతిలో రెండు చీటీలున్నాయి. హోటల్ వాళ్లకి 4 బస్తాల బియ్యం, 2 డబ్బాల నూనె. పెళ్లివారికి 3 బస్తాల బియ్యం, 5 డబ్బాల నూనె. కిందటి వారం వచ్చిన డబ్బాల్లో ఒకటి కారిపోయింది కాబట్టి ఈసారి ఒక డబ్బాకు డబ్బు కట్టక్కర్లేదు.

''దేనికెంత డబ్బు కట్టాలో లెక్కేసి చెప్పు'' అంది అమ్మమ్మ.

''ఏడు బస్తాలకి, ఆరు డబ్బాలకి.''

''ఏడూ ఆరూ పదమూడు అనవేం?''

పాప పకపకా నవ్వింది. ''పదమూడు ఏంటి అమ్మమ్మా? బస్తాలా, డబ్బాలా?''

''మరి కాగితంలో నాలుగూ మూడూ కలిపి ఏడని రాసింది ఎవరే?''

కాగితంలో రెండో లెక్క అదే. 4క + 3చ ఇస్తే పాప 7కచ అని రాసింది. అప్పుడు వెలిగింది పాపకి. పెన్సిల్ తీసి చీటీ వెనక రాసింది: 4క + 2చ + 3క + 5చ − చ. క ఉన్నవి ఒకవైపు, చ ఉన్నవి ఒకవైపు చేరిస్తే 7క + 6చ. అక్కడితో ఆగింది. అంతకు మించి కలవదు.

ఒకే అక్షరం, ఒకే ఘాతం ఉన్న పదాలను పాఠ్యపుస్తకం సజాతి పదాలంటుంది. 4క, 3క సజాతి పదాలు. 4క, 3చ విజాతి పదాలు. అక్షరం ముందున్న అంకె గుణకం. సజాతి పదాలను కలిపేటప్పుడు గుణకాలను మాత్రమే కలపాలి, అక్షరాన్ని ముట్టుకోకూడదు. అంకె కనిపించని చోట గుణకం ఒకటి అని అర్థం. పైన ఉన్న 'చ' అంటే 1చ. అందుకే 5క − క అంటే 4క. అందులోంచి 'క' ఊడిపోయి 5 మిగలదు.

బస్తా కాదు, బస్తా ధర

ఇక్కడే ఓ మెలిక ఉంది. చాలామంది పెద్దలు ''అంటే ఆపిల్, బి అంటే బనానా, రెండూ కలవవు కదా'' అని చెప్పేస్తారు. పిల్లలకు వెంటనే ఎక్కుతుంది. కానీ అక్షరం వస్తువు కాదు, సంఖ్య. ఇంగ్లండ్‌లో 1970లలో సెకండరీ బడి పిల్లల మీద జరిగిన ఓ పెద్ద అధ్యయనంలో డీట్మార్ కూచెమన్ ఈ సంగతిని వివరంగా చూపించారు. అక్షరాన్ని వస్తువు పేరుకు సంక్షిప్తంగా చూడటం అలవాటైన పిల్లలు తేలిక లెక్కలు చేసేస్తారు, సమస్య కాస్త పెరిగేసరికి చిక్కుకుపోతారు. ఆపిల్‌ను బనానాతో గుణించమంటే ఏం చేస్తారు మరి!

కాబట్టి అమ్మమ్మ కొట్లో 'క' అంటే బస్తా కాదు, ఒక బస్తా ధర. 'చ' అంటే ఒక డబ్బా ధర. పాప ఆ తేడా పట్టుకుంది. పట్టుకుని మంచి ప్రశ్నే వేసింది.

''అమ్మమ్మా, ధర అంటే రూపాయలే కదా! రెండూ రూపాయలే అయినప్పుడు ఎందుకు కలపకూడదు?''

''ఎన్ని రూపాయలో ఆయన ఫోన్ చేస్తే కదా తెలిసేది. తెలిసిందాకా ఏం కలుపుతావు?''

రాత్రి ఎనిమిదింటికి ఫోను వచ్చింది. బస్తా 1,300. డబ్బా 2,100. ఇంకేముంది, ఏడు పదమూడు వందలు 9,100. ఆరు ఇరవై ఒక్క వందలు 12,600. మొత్తం 21,700 రూపాయలు. ఐదు ముక్కలకు ఐదు గుణింతాలు చేయాల్సింది రెండింటితో అయిపోయింది. సూక్ష్మీకరించడం వల్ల లాభం ఇదే. ధర రేపు మారినా 7క + 6చ మారదు. కొత్త ధర వేసుకుంటే చాలు.

మరి 7క + 6చ ను పాప పాత పద్ధతిలో 13కచ అని రాసి ఉంటే? 13 ను 1,300తో, దాన్ని మళ్లీ 2,100తో గుణించాలి. వచ్చేది మూడు కోట్ల యాభై నాలుగు లక్షల తొంభై వేలు! ''కొట్టు అమ్మినా తీరదే ఆ బాకీ'' అంది అమ్మమ్మ.

ఎందుకు తొందర?

పిల్లలు 3క + 2 ను 5క అని ఎందుకు రాస్తారు? బద్ధకం వల్ల కాదు. ఒకటో తరగతి నుంచీ ప్లస్ గుర్తు కనిపిస్తే కలిపి ఒకే జవాబు రాయాలని అలవాటు చేశారు. 3 + 2 పక్కన 5 రాస్తేనే మార్కు. అలాంటిది ఇప్పుడు 3క + 2 రాసి అక్కడే ఆగమంటే లెక్క సగంలో వదిలేసినట్టు అనిపిస్తుంది. మధ్యలో ప్లస్ ఉన్నది కూడా పూర్తి జవాబే అని ఎవరో ఒకరు నోరు తెరిచి చెప్పాలి. ''ఏడు బస్తాలు, ఆరు డబ్బాలు'' అన్నప్పుడు అది సగం జవాబని ఎవరూ అనరు కదా!

నిజానికి ఈ పని పిల్లలకు చిన్న తరగతుల్లోనే వచ్చు. 345 కు 23 కలపమంటే ఒకట్ల కింద ఒకట్లు, పదుల కింద పదులు రాస్తారు. 2 పదులను 3 వందలకు కలిపితే టీచరు ఊరుకోరు. సజాతి పదాలంటే అదే! 'క' విలువ 10 అనుకుంటే 3క + 2 అంటే మూడు పదులు, రెండు ఒకట్లు. అంటే 32. పాప రాసిన 5క అయితే 50. తప్పు కళ్లముందే కనిపిస్తుంది.

మూడో లెక్కలో పాప 2క² + 3క ను 5క³ అని రాసింది. ఇక్కడా 'క' పది అనుకుంటే క² అంటే వంద. రెండు వందలు, మూడు పదులు... 230. పాప జవాబు ప్రకారం ఐదు వేలు! అక్షరం ఒకటే అయినా ఘాతం వేరైతే జాతి వేరు. నాలుగో లెక్క 5క − 5. పాప జవాబు 'క'. పది వేసి చూస్తే 45 రావాల్సిన చోట 10 వచ్చింది.

సరిచూసుకునేటప్పుడు ఒక్క జాగ్రత్త. అక్షరం విలువ ఒకటి అని మాత్రం వేయకూడదు. 'క' ఒకటి అయితే 3క + 2 కూడా ఐదే, 5క కూడా ఐదే. తప్పు దాక్కుంటుంది. పది వేస్తే బయటపడుతుంది. రెండో అక్షరం కూడా ఉంటే దానికి వంద వేయొచ్చు.

ఘాతం సంగతి కంటికి కనపడాలంటే పాత శుభలేఖ అట్ట చాలు. ఒక సెంటీమీటరు వెడల్పు, ఐదున్నర సెంటీమీటర్ల పొడవుతో మూడు పట్టీలు కత్తిరించాలి. ఆ పొడవే నాలుగు వైపులా ఉండే చదరాలు రెండు. సెంటీమీటరు భుజం ఉన్న బుల్లి చదరాలు కొన్ని. పెద్ద చదరం క², పట్టీ క, బుల్లి చదరం 1. రెండు చదరాలు, మూడు పట్టీలు బల్ల మీద పెట్టి ఐదు ఏంటని అడిగితే పిల్లలే జవాబు చెబుతారు.

ఎకరాలు, కుంటలు కలుస్తాయి కదా?

నిజమే. జాతి వేరైనా కొన్ని కలుస్తాయి. తెలంగాణలో ఓ రైతుకు ఒకచోట 2 ఎకరాల 30 కుంటలు, ఇంకోచోట ఎకరం 20 కుంటల పొలం ఉందనుకుంటే, ముందు ఎకరాలు ఎకరాలతో, కుంటలు కుంటలతో కలుపుతాడు. 3 ఎకరాల 50 కుంటలు. ఎకరానికి 40 కుంటలని తెలుసు కనుక దాన్నే 4 ఎకరాల 10 కుంటలు అంటాడు. ఆ 40 తెలియకపోతే మూడు ఎకరాల యాభై కుంటల దగ్గరే ఆగాలి.

భిన్నాల్లోనూ ఇదే తంతు. సగానికి మూడో వంతు కలపాలంటే నేరుగా కుదరదు. రెండింటినీ ఆరో వంతుల్లోకి మార్చాలి. మూడు ఆరో వంతులు, రెండు ఆరో వంతులు... మొత్తం ఐదు ఆరో వంతులు. ముందు ఒకే జాతికి తెచ్చి, ఆ తర్వాత కలిపారు. క, చ ల మధ్య అలాంటి సంబంధం ఏదీ చెప్పలేదు. అందుకే వాటిని కలపడం కుదరదు. రేపు ఎవరైనా ''డబ్బా ధర బస్తా ధరకు రెట్టింపు'' అని చెబితే అప్పుడు చ అంటే 2క. అప్పుడు 7క + 6చ కాస్తా 19క అయిపోతుంది.

భాస్కరుడి రంగులు

సజాతి అనే మాట పాఠ్యపుస్తకాల కోసం కొత్తగా పుట్టించింది కాదు. 1114లో పుట్టిన భాస్కరాచార్యుడు తన 'బీజగణితం'లో ఈ నియమాన్ని స్పష్టంగా చెప్పాడు. ఒకే జాతివాటికే కూడిక, తీసివేత. వేర్వేరు జాతులవైతే విడివిడిగానే ఉంచాలి. పాప పుస్తకంలో ఉన్నదీ ఇదే.

అప్పట్లో ఎక్స్, వై లు లేవు. తెలియని మొదటి సంఖ్యను యావత్తావత్ అనేవారు. 'ఎంతో అంత' అని దానర్థం. తెలియనివి ఇంకా ఉంటే రంగుల పేర్లు పెట్టేవారు. నలుపుకు కాలక, నీలానికి నీలక, పసుపుకు పీతక, ఎరుపుకు లోహితక. వాటి మొదటి అక్షరాలతో యా, కా, నీ అని లెక్క నడిపేవారు. తెలిసిన అంకెకు ముందు రూపం అనే అర్థంలో 'రూ' రాసేవారు. నలుపును పసుపుతో కలిపి లెక్కపెట్టకూడదని ఆ పేర్లే గుర్తుచేసేవి!

భాస్కరుడికి మూడు వందల ఏళ్ల ముందు, దాదాపు 820 ప్రాంతంలో, బాగ్దాద్‌లో అల్ ఖ్వారిజ్మీ రాసిన గ్రంథం పేరులో రెండు మాటలున్నాయి. ఒకటి అల్ జబ్ర్. ఆల్జీబ్రా అనే పేరు దాన్నుంచే వచ్చింది. రెండోది అల్ ముకాబలా. సమీకరణానికి రెండువైపులా ఉన్న ఒకే జాతి పదాలను ఎదురెదురుగా పెట్టి కొట్టేయడమే ఆ రెండో మాటకు అర్థం. తెలియనివాటికి ఎక్స్, వై, జడ్ వాడటం ఫ్రాన్స్‌కు చెందిన డేకార్ట్ 1637లో వెలువరించిన జ్యామితి గ్రంథంతో స్థిరపడింది.

గుర్తు ఇంటిపేరు లాంటిది

పాప కాగితంలో ఇంకా రెండు తప్పులున్నాయి. ఒకటి 9క − 4 − 3క + 6. పాప 6క − 10 అని రాసింది. నాలుగు ముందు మైనస్ చూసి, ఆరును కూడా దాంట్లో కలిపేసింది.

గుర్తు ఎప్పుడూ తన వెనకొచ్చే పదానిది. తెలుగువాళ్ల ఇంటిపేరులాగా అది పేరుకు ముందే ఉంటుంది, మనిషి ఎక్కడికి వెళ్లినా వెంట వెళుతుంది. పదాలను అటూ ఇటూ మార్చేటప్పుడు ఇంటిపేరుతో సహా మార్చాలి. 9క, −3క ఒక గుంపు: 6క. −4, +6 ఒక గుంపు: +2. జవాబు 6క + 2.

చివరిది 8క − (3క − 2). పాప జవాబు 5క − 2. ఇది అమ్మమ్మే విడమరిచింది.

''ఎనిమిది బస్తాలు తెచ్చాం. మూడు వెనక్కి పంపాం. పూర్తి డబ్బు తగ్గించుకోడు వాడు. కూలి కింద రెండు రూపాయలు కోసుకుంటాడు. బిల్లులో తగ్గేది మూడు బస్తాల ధరకి రెండు రూపాయలు తక్కువ. అప్పుడు మనం కట్టేది ఎంత?''

''ఐదు బస్తాల ధర, ఇంకా రెండు రూపాయలు... ఓ! 5క + 2.''

బ్రాకెట్ ముందు మైనస్ ఉంటే లోపలి గుర్తులన్నీ మారతాయని పుస్తకంలో సూత్రం ఉంది. ఎందుకు మారతాయో వ్యాపారం చేసేవాళ్లకు చేతికందే విషయం. 628లో బ్రహ్మగుప్తుడు 'బ్రహ్మస్ఫుటసిద్ధాంతం'లో ఈ గుర్తుల నియమాలు చెప్పినప్పుడు వాడిన మాటలు కూడా ధనం, ఋణం. అప్పు తీసేస్తే ఆస్తి పెరిగినట్టే. మైనస్‌ను ఇవాళ్టికీ ఋణ గుర్తు అనే అంటున్నారు.

తప్పుల్నీ జాతుల వారీగా...

రాత్రి కొట్టు కట్టేసే ముందు అమ్మమ్మ మళ్లీ ఆ కాగితం తీసింది.

''ఇందాక ఎన్ని తప్పులన్నావు?''

''ఆరు.''

''బియ్యం బియ్యంతో, నూనె నూనెతో కలిపావుగా. వీటినీ అలాగే కలిపి చెప్పు.''

పాప ఒక్కో ఇంటూ మార్కు మీద వేలు పెట్టి చూసింది. 3క + 2, 4క + 3చ, 2క² + 3క, 5క − 5... ఈ నాలుగూ కలవనివాటిని కలిపేసిన తప్పులు. మిగతా రెండూ గుర్తు వదిలేసినవి.

''నాలుగు ఒక రకం, రెండు ఒక రకం.''

''అంటే నువ్వు దిద్దుకోవాల్సినవి ఎన్ని?''

''రెండే!''

చాలా ఇళ్లలో ఈ లెక్క ఎవరూ చేయరు. మార్కులు చూస్తారు, ఆరు తప్పులంటారు, ''నీకు లెక్కలు రావు'' అనేస్తారు. పిల్లలు అది నమ్ముతారు. ఏడో తరగతిలో నమ్మితే ఎనిమిదిలో సమీకరణాలు, తొమ్మిదిలో బహుపదులు అన్నీ కొండల్లా కనిపిస్తాయి. ఎందుకంటే వాటిల్లో ప్రతి మెట్టు మీదా చేయాల్సిన పని సజాతి పదాలను కలపడమే. అదే కాగితాన్ని పది నిమిషాలు పక్కన కూర్చుని తప్పుల జాతులు విడదీస్తే, ఆరు రెండవుతాయి. రెండు తప్పులు దిద్దుకోవడం ఏ పిల్లకైనా అందే పనే.

అమ్మ పొలం నుంచి వచ్చాక పాపే కాగితం తీసుకెళ్లి ముందు పెట్టింది. పక్కనే ఆరు లెక్కలూ మళ్లీ చేసిన తెల్లకాగితం. అమ్మ రెండూ చూసి సంతకం పెట్టింది.

మీ ఇంట్లో పిల్లలకు ఒకటి: 6క + 4చ − 2క + 7 − చ − 9 + క. దీన్ని సూక్ష్మీకరించి, 'క' బదులు 10, 'చ' బదులు 100 వేసి రెండువైపులా సరిచూడమనండి.

(జవాబు: 5క + 3చ − 2. విలువలు వేస్తే రెండువైపులా 348.)